అద్దం తలుపు కింద తడి

“తుడిచావా?”

ఈ మూడు వారాలుగా పనిరోజుల్లో మా ఆయన నాకు పంపే మెసేజ్ ఈ ఒక్క మాటే. సరిగ్గా తొమ్మిదింటికి వస్తుంది. అప్పటికి నేను బస్సులో నిలబడి ఉంటాను. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని రెండో చేత్తో ఫోను తీసి, ‘తుడిచాను’ అని పంపుతాను. పంపిన మరుక్షణం నుంచి అనుమానం మొదలవుతుంది. తుడిచానా నిజంగా? నిన్న తుడిచింది గుర్తొచ్చి ఇవాళ తుడిచాననుకుంటున్నానా? తువ్వాలు పిండి ఆరేసినట్టు గుర్తుంది, కానీ ఆ తువ్వాలు నీలంది కదా, నీలంది నిన్నటిది కదా! ఇలా ఆలోచించి ఆలోచించి ఒకరోజు మూడో స్టాపులో దిగిపోయాను. రోడ్డు దాటి అవతలి బస్సెక్కి ఇంటికొచ్చాను. నడవాలో ఒక్క చుక్క లేదు. అరచేత్తో రాసి చూశాను, చాలక చెప్పులు విప్పి అరికాలితోనూ చూశాను. బల్ల దగ్గర టీ తాగుతున్న మా ఆయన తలెత్తి, “ఏం మర్చిపోయావు?” అన్నారు. “గొడుగు,” అన్నాను. బయట ఎండ మండిపోతోంది. ఆయన మళ్ళీ ఫోనులో తల పెట్టేశారు. బస్టాపుకి పరుగెత్తుతుంటే అప్పుడు తట్టింది నాకు. ఆయన ఆఫీసుకి బయలుదేరేది తొమ్మిదిన్నరకి. అంటే రోజూ ఆ మెసేజ్ పంపేది ఆ బల్ల దగ్గర కూర్చునే. ఆ కుర్చీకి నడవా పది అడుగులు. తల తిప్పితే కనిపిస్తుంది.

మా అమ్మాయి హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇంట్లో ఉండేది ముగ్గురం: ఆయన, నేను, మా అత్తగారు. బాత్రూములో ఒక మూల షవర్ కోసం అద్దాలు బిగించిన చిన్న గది ఉంది. చుట్టూ అల్యూమినియం ఫ్రేము, ఒక పక్క కదలని అద్దం, ఇంకో పక్క అద్దం తలుపు. ఆ తలుపు కింద ఎడమ మూల నుంచి నీళ్ళు కారతాయి. ధారగా కాదు, నిదానంగా, చెప్పాపెట్టకుండా. మొదట టైల్స్ మధ్య గీతలో ఒక తడి చార వస్తుంది. అది గడప దాటి నడవాలోకి పాకుతుంది. ఆ నడవా మా అత్తగారి గదికీ వంటింటికీ మధ్య దారి. ఉదయం ఆయన స్నానం, తర్వాత నాది, తర్వాత అత్తగారిది. ప్రతి స్నానానికీ ఒకసారి వంగి తుడవాలి. తుడిచాక పది నిమిషాలాగి మళ్ళీ చూడాలి, ఎందుకంటే షవర్ కట్టేశాక కూడా అది కారుతూనే ఉంటుంది. నా ఉదయాలన్నీ ఆ పది నిమిషాల్లో చిక్కుకుని ఉంటాయి. కూర తరుగుతూ వినేది కుక్కర్ చప్పుడు కాదు, ఆ మూల నుంచి చుక్క పడే చప్పుడు.

మొదట్లో ఇంత కారేది కాదు. రెండేళ్ళ క్రితం కొద్దిగా చెమ్మ కనిపిస్తే ఒక ఆదివారం మా ఆయనే బాగు చేశారు. సందులు పూడ్చే సిలికాన్ గొట్టం, అది వత్తే గన్ను కొనుక్కొచ్చారు. నేను టార్చి పట్టుకున్నాను, గుడ్డ అందించాను, నీళ్ళు అందించాను, నుదుటి చెమట కూడా తుడిచాను. పని పూర్తయ్యాక ఫొటో తీసి వాళ్ళ చెల్లెలికి పంపారు. ఆ మర్నాటి నుంచి రెండింతలు కారడం మొదలైంది. ఆయన బాగు చేశాక కారుతోందంటే తప్పు వేరేచోట ఉండాలి. వెతికితే నేను దొరికాను. “తలుపు విసురుగా వేస్తావు.” “షవర్ అటు తిప్పి పెడతావు.” “ఆ జుట్టుకి అన్ని నీళ్ళెందుకు?” నేను తలుపు మెల్లగా వేయడం నేర్చుకున్నాను. షవర్ గోడవైపు తిప్పి, ఆ గోడకి అంటుకుని స్నానం చేయడం నేర్చుకున్నాను. జుట్టు భుజాల దాకా కత్తిరించుకున్నాను. అయినా కారింది. ఒకసారి, “ప్లంబర్ని పిలుద్దామా?” అన్నాను. “నేను చేసినదాని మీద మళ్ళీ ప్లంబరా? నీ పద్ధతి మార్చుకో ముందు,” అన్నారు.

మూడు వారాల క్రితం మంగళవారం ఉదయం పదకొండు గంటలకి అత్తగారు నడవాలో పడ్డారు. పక్కింటివాళ్ళు ఆయన ఆఫీసుకి కబురు చేశారు, నాకు ఫోన్ చేసింది ఆయన. “అమ్మ పడిపోయింది. బాత్రూము బయట. సంతోషమేనా?” అన్నారు. నేను వెళ్ళేసరికి ఆసుపత్రిలో మణికట్టుకి పిండికట్టు వేస్తున్నారు. డాక్టరు ముందే, నర్సు ముందే, “నేల తుడిచే తీరిక కూడా ఇవ్వని ఉద్యోగం ఎందుకు నీకు?” అన్నారాయన. నర్సు నావైపు చూసి చూపు తిప్పేసుకుంది. అత్తగారు మాత్రం పైనున్న ఫ్యాను వైపే చూస్తూ ఉన్నారు. సాయంత్రం ఆడపడుచు ఫోన్ చేసింది. “వదినా, నిన్ను తప్పుపట్టట్లేదు. కానీ ఇంట్లో పెద్దావిడ ఉన్నప్పుడు కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి కదా.” సరే అన్నాను. అన్నిటికీ సరే అన్నాను. ఎందుకంటే ఎంత గింజుకున్నా నాకు ఆ మంగళవారం గుర్తు రాలేదు. ముందు రోజు తుడిచింది గుర్తుంది, తర్వాతి రోజు తుడిచింది గుర్తుంది. ఆ ఒక్క ఉదయం తుడిచానో లేదో, బుర్ర బద్దలు కొట్టుకున్నా తెలియలేదు.

తప్పులు పట్టుకోవడమే నా ఉద్యోగం కావడం ఇందులో పెద్ద తమాషా. కళ్ళజోళ్ళ అద్దాలు తయారుచేసే ల్యాబులో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. అరగదీసి, మెరుగుపెట్టి వచ్చిన ప్రతి అద్దాన్నీ దీపం ముందు పెట్టి, గీత ఉందా, బుడగ ఉందా, నంబరు సరిపోయిందా అని చూసి పంపాలి. వెంట్రుకలో సగం మందం ఉన్న గీత కూడా నా కంటికి దొరుకుతుంది. మా పై అధికారికి మేం పెట్టుకున్న పేరు దుర్భిణి. ఎప్పుడూ ఏదో ఒక అద్దం కంటికి ఆనించుకునే ఉంటాడు, కానీ ఏమీ కనిపించదు. ఆయనకి వేరే ఊరు బదిలీ అయింది. పోయిన సోమవారం నన్ను పిలిచి, “నా తర్వాత ఇన్‌ఛార్జిగా మీ పేరు అడుగుతున్నారు మేడమ్. నేనే చెప్పాను, ఆవిడకి ఇల్లూ అత్తగారూ, కుదరదేమోనని. అయినా మర్యాదకి ఒకమాట అడుగుదామని. వచ్చే సోమవారం లోపు చెప్పండి,” అన్నాడు. నా ఇంటి గురించి నాకన్నా ఆయనకే ఎంత దిగులో!

ఇంటికొచ్చి చెప్పాను. మా ఆయన నవ్వారు. “ఇంటికే ఇన్‌ఛార్జి సరిగా లేదు,” అన్నారు. మర్నాడు సాయంత్రం ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టారు. నా రాజీనామా. “నీకు ఇబ్బంది లేకుండా నేనే టైపు చేయించాను. సోమవారం సంతకం పెట్టి ఇచ్చేస్తే చాలు. అమ్మకి ఒక చెయ్యి లేదు, ఇంకో చెయ్యి కూడా విరగ్గొట్టుకునేదాకా ఆగుదామా?” అన్నారు. వ్యక్తిగత కారణాల వల్ల అని ఉంది అందులో. ఆ వ్యక్తి ఎవరో రాయలేదు. ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. నాలుగు రోజులు దాన్ని మోసుకు తిరిగాను. ఇంట్లో, బస్సులో, దీపం ముందు, నా బుర్రలో ఒకటే లెక్క తిరిగేది: తలుపు కారడం ఆగితే నేల తడవదు, నేల తడవకపోతే అత్తగారు జారరు, అత్తగారు జారకపోతే ఆయన అనడానికేం ఉండదు. మొత్తం నా పదకొండేళ్ళూ ఆ ఎడమ మూల మీద నిలబడి ఉన్నట్టనిపించింది.

శనివారం పొద్దున్నే ఆయన ఆఫీసు శిక్షణ కోసం పక్క ఊరు వెళ్ళారు. ఆదివారం సాయంత్రానికి వస్తారు. ఆటో వీధి మలుపు తిరగ్గానే నేను సంచీ తీసుకున్నాను.

హార్డ్‌వేర్ షాపులో మనిషి నేను చెప్పేది సగం కూడా వినలేదు. “సార్‌ని పంపండి మేడమ్. ఇలాంటివి ఆయనకైతే అర్థమవుతాయి,” అన్నాడు. సార్‌కి అర్థమైన దాని ఫలితమే ఇది అని నోటిదాకా వచ్చింది. బయటికొచ్చేశాను. నాలుగు షాపుల అవతల అద్దాలు కోసి బిగించే దుకాణం ఉంది. నడివయసు ఫిట్టర్ ఒకాయన నేల మీద కూర్చుని అద్దం అంచు నూరుతున్నాడు. వేళ్ళ నిండా పాత గాట్లు. పని ఆపి, నావైపు తిరిగి కూర్చున్నాడు.

“ఎక్కడ కారుతోందమ్మా?”

“తలుపు కింద, ఎడమ మూల.”

“షవర్ తిప్పినప్పుడేనా, కట్టేశాక కూడానా?”

ఇన్నాళ్ళలో ఆ తలుపు గురించి నన్నెవరైనా ప్రశ్న అడగడం అదే మొదలు. “కట్టేశాక కూడా. పది నిమిషాలు కారుతుంది.”

“అయితే నీళ్ళు ఫ్రేములో నిలబడిపోతున్నాయి. లోపలివైపు ఎవరన్నా సిలికాన్ పెట్టారా?”

“మా ఆయన. రెండేళ్ళయింది.”

ఫిట్టర్ నాలుక చప్పరించాడు. “లోపల పెట్టకూడదమ్మా. ఎంత గట్టిగా బిగించినా ఫ్రేములోకి కాసిని నీళ్ళు పోతాయి. పోయిన నీళ్ళు తిరిగి లోపలికే రావాలని కింది పట్టీకి లోపలివైపు చిన్న చిన్న కన్నాలు పెడతారు. వాటిని మూసేస్తే నీళ్ళెటు పోతాయి? బయటికే. ఆ పాతదంతా గీకేసి, కన్నాలు తెరిచి, బయటివైపు మాత్రం పెట్టండి. సరిపోతుంది.”

“మీరొచ్చి చేస్తారా?”

“ఈ నాలుగు రోజులు ఊపిరాడదమ్మా నాకు. మీరే చేసుకోవచ్చు. బలం అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు.”

“తప్పుచేస్తే?”

“ఏముంది, మళ్ళీ గీకి మళ్ళీ పెడతారు,” అన్నాడాయన, ఇదేం ప్రశ్న అన్నట్టు. ఏ బ్లేడు కావాలో, మూలల్లో ఎలా పెట్టాలో, పెట్టేముందు తడి లేకుండా ఎలా ఆరబెట్టాలో, తర్వాత ఒక రోజంతా నీళ్ళు తగలకుండా ఎందుకుంచాలో అన్నీ ఒక పాత బిల్లు వెనక బొమ్మ గీసి చూపించాడు. నేను రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాను. విసుక్కోలేదు.

ఇంటికొచ్చి చీర మార్చుకుని పాత డ్రెస్సు వేసుకున్నాను. అత్తగారు నడవాలోకి వచ్చి, “ఏమిటే ఆ వాలకం? ఏం చేస్తున్నావ్?” అన్నారు.

“తలుపు బాగుచేస్తున్నాను అత్తయ్యా.”

“వాడొచ్చాక చేస్తాడులే.”

“ఆయన చేసినదాన్నే తీస్తున్నాను.”

ఆవిడ గదిలోకి వెళ్ళారు. కాసేపటికి ఎడమ చేత్తో కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి బాత్రూము గుమ్మంలో వేసుకుని కూర్చున్నారు. “ఆ టార్చి ఇలా తే,” అన్నారు.

బ్లేడు పెట్టిన మొదటి క్షణం నుంచీ ఒకటే భయం. అద్దం గీరుకుంటుందేమో, పగులుతుందేమో, ఫ్రేము వంగుతుందేమో, ఆయనొచ్చి, ‘కారేదాన్ని కారనీయక ముక్కలు చేశావా?’ అంటారేమో. ఆ మాట అనే గొంతు, అనేటప్పుడు ఎగిరే కనుబొమ్మ, తర్వాత వాళ్ళ చెల్లెలికి చేసే ఫోను, అన్నీ ముందే కనిపించాయి. అయినా గీకుతూనే ఉన్నాను. పసుపెక్కిపోయిన సిలికాన్ పొడుగాటి పేగులా ఊడి వచ్చింది. దాని కింద, కింది పట్టీకి లోపలివైపు, అరచెయ్యంత దూరానికొకటి చొప్పున మూడు కన్నాలు. మూడూ పూడిపోయి ఉన్నాయి. జడపిన్ను తీసి మొదటి కన్నంలో పొడిచాను. గుచ్చి తిప్పి లాగగానే నల్లటి నీళ్ళు బుడబుడమని లోపలికి కారాయి. ఒకటే కంపు. రెండోది, మూడోది. ఇంకా వస్తూనే ఉన్నాయి. ఫ్రేములో ఒక చెంబుడు నీళ్ళు మురుగుతూ ఉన్నాయి రెండేళ్ళుగా. మగ్గుతో శుభ్రమైన నీళ్ళు పోసి చూశాను. పోసినవన్నీ బుద్ధిగా ఆ కన్నాల్లోంచి లోపలికొచ్చి తూములోకి పోయాయి. ఎడమ మూల పొడిగా ఉంది.

నేను నేల మీద చతికిలబడ్డాను. “నేను తలుపు విసురుగా వేయడం వల్ల కాదు అత్తయ్యా,” అన్నాను. ఎందుకో అదే వచ్చింది నోట్లోంచి. “నా జుట్టు వల్ల కాదు. చూశారా? నా వల్ల కాదు.”

టార్చి వెలుగు గోడ మీద అటూ ఇటూ ఊగింది.

“అమ్మాయ్,” అన్నారు అత్తగారు. “ఆ రోజు నేల తడిగా లేదే.”

“ఏ రోజు?”

“నేను పడిన రోజు. పొడిగానే ఉంది. నువ్వు తుడిచే వెళ్ళావు. నేను చూశాను నువ్వు తుడవడం.” టార్చి ఆర్పేసి ఒళ్ళో పెట్టుకున్నారు. “నాకు కళ్ళు తిరిగాయి. గోడ పట్టుకుందామనుకున్నా. గోడ అందలేదు.”

బ్లేడు కింద పెట్టాను. చేతిలో ఉంటే కోసుకుంటానని. “అదే మొదటిసారా?” అన్నాను.

“అంతకుముందు రెండుసార్లు, మంచం మీంచి లేస్తుంటే. తర్వాత ఒకసారి, మొన్న గురువారం.”

“మరి ఎందుకు చెప్పలేదు అత్తయ్యా? మూడు వారాలు! ఆసుపత్రిలో అందరి ముందూ ఆయన నన్ను...”

“విన్నాను. అన్నీ విన్నాను.” ఆవిడ నావైపు చూడలేదు. “చెబుదామనే అనుకున్నా. నేను నోరు తెరిచేలోపే వాడు అన్నాడు, తడి మీద జారిందని. డాక్టరు అదే రాసేసుకున్నాడు. నేను ఊరుకున్నాను. జారిపడ్డానంటే చెయ్యి విరిగింది పాపం అంటారు. కళ్ళు తిరిగాయంటే మనిషి పనైపోయిందంటారు. మా అత్తగారికి ఇలాగే మొదలైంది. ఆవిడని ఒక గదిలో కూర్చోబెట్టాం. పక్కన నన్నూ కూర్చోబెట్టారు. తొమ్మిదేళ్ళు. అప్పట్లో బడిలో కుట్టు నేర్పేదాన్ని నేను. నలభైమంది ఆడపిల్లలు. మానేశాను. ఆ సంగతి ఇప్పుడెవరికీ గుర్తు లేదు. నువ్వెప్పుడైనా విన్నావా?”

వినలేదు. ఇరవయ్యేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఆవిడ పాత కుట్టుమిషను మా మంచం కింద ఉంది. దాన్ని అక్కణ్ణించి తీసేయమని నేనే ఎన్నోసార్లు సణిగాను.

“నీతో ఉద్యోగం మానిపిస్తాడనుకోలేదే,” అన్నారు. “మాటలేగా, పడుతుందిలే అనుకున్నా. మేం పడలేదా అనుకున్నా.”

నాకు కోపం వచ్చింది. ఆవిడ మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. అదే సమయంలో గుండెల మీంచి ఏదో లేచిపోయి ఊపిరి బాగా ఆడింది. తుడిచాను. ఆ మంగళవారం తుడిచాను. ఆ ఊపిరి పూర్తిగా పీల్చుకునేలోపే ఇంకో భయం వచ్చి కూర్చుంది. తడి మీద జారితే తలుపు బాగుచేయొచ్చు. కళ్ళు తిరిగితే? పగలంతా ఇంట్లో మనిషి ఉండాలి. ఈ ఇంట్లో మనిషి అంటే ఎవరో నాకు తెలుసు.

అత్తగారు కూడా అదే ఆలోచించినట్టున్నారు. ముందుకి వంగి గొంతు తగ్గించారు, ఇంట్లో ఇంకెవరో ఉన్నట్టు. “ఇప్పుడు తలుపు బాగైపోతుంది. నేల తడవదు. వాడికి అనడానికేం ఉండదు. నువ్వు నీ ఉద్యోగానికి వెళ్ళు. నేను గోడ పట్టుకునే నడుస్తా. ఇది మనిద్దరి మధ్యే ఉండనీ. నీకూ మంచిది, నాకూ మంచిది.”

నేను మళ్ళీ పనిలో పడ్డాను. గుడ్డతో ఫ్రేమంతా తుడిచి, ఫ్యాను పెట్టి ఆరబెట్టాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక, బయటివైపు అటూ ఇటూ కాగితపు టేపు అంటించి, మధ్య సందులో సిలికాన్ పెట్టడం మొదలుపెట్టాను. గన్ను వత్తుతుంటే చెయ్యి నొప్పెట్టింది. తెల్లటి గీత నిదానంగా సాగుతుంటే దానితోపాటు ఆలోచనా సాగింది. ఊరుకుంటే ఏం పోయింది? ఆవిడే అడిగింది కదా. నేను దాచమన్నానా? సోమవారం వెళ్ళి దుర్భిణికి సరే అని చెప్పొచ్చు. ఆయన కూడా కొన్నాళ్ళు సణిగి ఊరుకుంటారు. ఆ తర్వాత ఒకరోజు పదకొండు గంటలకి ఫోన్ మోగుతుంది. ఈసారి మణికట్టు కాదు. గోడ అందని ఆ క్షణంలో ఆవిడ ఒక్కతే ఉంటుంది, ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే ఉంటాను. అప్పుడు ‘సంతోషమేనా?’ అని ఎవరూ అడగనక్కర్లేదు. నన్ను నేనే అడుగుతాను. చెబితే మాత్రం? చెబితే ఆ కాగితం మీద నాతో సంతకం పెట్టించే వరకూ ఊరుకోరు. ఎటు చూసినా గొయ్యే. మూలకి వచ్చేసరికి గన్ను పక్కకి జరిగి గీత వంకరపోయింది. తడి వేలితో సర్దాను. ఇంకా వంకరైంది. వదిలేశాను.

కొత్త సిలికాన్‌కి నీళ్ళు తగలకూడదు కాబట్టి, ఆదివారం ఉదయం వంటింటి వెనకున్న చిన్న బాత్రూములో అత్తగారికి స్నానం చేయిస్తూ చెప్పాను. వీపు మీద నీళ్ళు పోస్తూ చెప్పడం తేలికైంది, మొహం కనిపించదు కాబట్టి. “నేను దాచలేను అత్తయ్యా. మీరు చెప్పండి, లేకపోతే నేను చెబుతాను.”

వీపు బిగుసుకుంది. “నీ ఉద్యోగం పోతుందే పిచ్చిదానా.”

“అది నేను చూసుకుంటాను.”

ఎలా చూసుకుంటానో నాకే తెలియదు. ఆవిడ మధ్యాహ్నం దాకా గదిలోంచి బయటికి రాలేదు. అన్నం వద్దన్నారు. మూడింటికి కంచం గదిలోకి తీసుకెళితే గోడవైపు తిరిగే తిన్నారు.

నేను హాల్లో కూర్చుని క్లినిక్కుకి ఫోన్ చేశాను. సోమవారం ఉదయం పదిన్నరకి ఖాళీ ఉందన్నారు. పేరు, వయసు, కళ్ళు తిరగడం అన్నీ చెప్పాను. “వెంట ఎవరొస్తున్నారు?” అని అడిగింది ఆ అమ్మాయి. ఇరవయ్యేళ్ళుగా ఆ ప్రశ్నకి నోటికొచ్చే జవాబు ఒకటే, కోడలు అని. నోరు తెరిచాను కూడా. “హలో, వెంట ఎవరమ్మా?” అందామె మళ్ళీ.

“కొడుకు,” అన్నాను.

ఫోను పెట్టేశాక చెవులు వేడెక్కిపోయాయి, ఏదో దొంగతనం చేసినట్టు. ఆ వేడి తగ్గకముందే దుర్భిణికి ఫోన్ చేశాను. “ఇన్‌ఛార్జి పని నేను తీసుకుంటాను సార్,” అన్నాను. “ఇంట్లో అడిగారా మేడమ్?” అన్నాడు. “చెబుతాను,” అన్నాను.

మా ఆయన సాయంత్రం ఆరింటికి వచ్చారు. బాత్రూములోకి వెళ్ళి తువ్వాలు తీస్తూ ఆగిపోయారు. “ఎవర్ని పిలిచావు?”

“ఎవర్నీ లేదు. నేనే చేశాను.”

షవర్ తిప్పారు. తలుపు వేశారు. బయట గొంతుక్కూర్చుని మూల వైపు చూశారు. నేను గుమ్మం దగ్గర నిలబడి చూశాను. పది నిమిషాలు. నీళ్ళు కట్టేసి మళ్ళీ చూశారు. వేలు పెట్టి రాశారు. వేలు పొడిగా ఉంది. చివరికి, “ఈ మూల వంకరగా పెట్టావు,” అన్నారు.

“అవును. వంకరగానే ఉంది. కారట్లేదు.”

“లోపల నేను పెట్టిందేది?”

“తీసేశాను. దాని వల్లే కారింది. నీళ్ళు లోపలికి తిరిగొచ్చే కన్నాలు మూసేశారు మీరు.”

ఆయన మొహం గంటు పెట్టుకుని బయటికొచ్చి బల్ల దగ్గర కూర్చున్నారు. “సరేలే. తలుపు సంగతైతే అయింది. అంతమాత్రాన అమ్మని ఒంటరిగా వదిలేయలేం కదా. రేపు ఆ లెటర్...”

“ఒరేయ్,” అన్నారు అత్తగారు. ఎప్పుడొచ్చారో, గోడ పట్టుకుని నిలబడి ఉన్నారు. “ఆ రోజు నేను జారలేదురా. కళ్ళు తిరిగి పడ్డాను. నేల పొడిగానే ఉంది. అది తుడిచే వెళ్ళింది.”

ఆయన లేచి నిలబడ్డారు. “ఏంటమ్మా? ఎప్పట్నుంచి?” అంటూ వెళ్ళి, ఆవిడ భుజం పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టారు. కళ్ళలోకి చూశారు, చెయ్యి పట్టుకున్నారు. భయపడ్డారు పాపం, నిజంగానే భయపడ్డారు. ఆ భయం చూస్తే నాకూ జాలేసింది. నావైపు తిరిగి ఒక్క మాట అంటారేమోనని చూశాను. తిరిగారు.

“విన్నావు కదా. ఇప్పటికైనా అర్థమైందా? నువ్వు ఇంట్లో ఉండక తప్పదు.”

చేతులు కనబడకుండా వెనక్కి పెట్టుకున్నాను. “రేపు పదిన్నరకి డాక్టరు దగ్గర పేరు రాయించాను,” అన్నాను. “వెంట మీరొస్తారని చెప్పాను.”

“నేనా? రేపు నాకు ఆఫీసుంది.”

“నాకూ ఉంది.”

ఆయన నన్ను వింతగా చూశారు, నేనేదో తెలియని భాష మాట్లాడినట్టు.

“డాక్టరు ఏమంటారో విన్నాక అందరం కూర్చుందాం,” అన్నాను. “మీ చెల్లెల్ని కూడా పిలవండి. పగలు మనిషిని పెట్టుకోవాలో, సెలవులు పంచుకోవాలో చూద్దాం. మీకెన్నో నాకూ అన్నే. నేను మాత్రం మానను. ఇన్‌ఛార్జి పని ఒప్పుకున్నాను. ఆ లెటర్ చింపేశాను.”

“నన్నడక్కుండానా?”

అడగలేదు, అంతే. ఆయన వాళ్ళమ్మ వైపు తిరిగారు. “చూశావా అమ్మా? నువ్వైనా చెప్పు.”

అత్తగారు పిండికట్టు మీద రెండో చెయ్యి వేసుకున్నారు. నా మీద కోపం ఇంకా ఉందని తెలుస్తూనే ఉంది. నావైపు చూడకుండానే అన్నారు, “నేను మానేసి చూశానురా. అదొద్దు.”

ఆయనకి అర్థం కాలేదు. ఆవిడ ఏం మానేశారో ఆయనకి తెలియదు. తెలియనందుకు నేనూ ఏం అనలేకపోయాను, మొన్నటిదాకా నాకూ తెలియదు కాబట్టి.

సోమవారం ఉదయం ఆయన కన్నా ముందే లేచాను. ఆయన మొహం కడుక్కుంటున్నా, దువ్వుకుంటున్నా ఆ చప్పుళ్ళలో కోపం వెతుక్కున్నాను. అద్దం ముందు బొట్టు పెట్టుకుంటూ, ఇప్పుడైనా వెనక్కి తగ్గొచ్చు, సెలవు పెట్టి నేనే తీసుకెళ్ళొచ్చు, ఒక్క పూటే కదా అని రెండుసార్లు అనుకున్నాను. ఆయన ఫోనులో ఆఫీసుకి ఎవరికో చెబుతున్నారు, “లేదు, మధ్యాహ్నం వస్తాను. అమ్మకి బాగోలేదు,” అని. ఆ మాట ఆయన నోట వినడం ఎంత కొత్తగా ఉందంటే, తాళంచెవి చేతిలో పెట్టుకుని కాసేపు అక్కడే నిలబడిపోయాను.

బ్యాగు తగిలించుకుని బయలుదేరాను. వెనక నుంచి అల్మారా తలుపులు తీసి వేస్తున్న చప్పుడు. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి.

“ఇదిగో, అమ్మ పాత రిపోర్టులెక్కడ పెట్టావు?” అని అరిచారు.

నాకు తెలుసు. మా గది అల్మారాలో రెండో అర, దుప్పట్ల కింద, గోధుమరంగు కవరు. ఏ కాగితం మీద ఏ కాగితం ఉందో కూడా తెలుసు. మందుల చీటీలు ముందు, రక్తపరీక్షలు తర్వాత, అన్నిటికన్నా కింద కంటి డాక్టరు చీటీ. చెప్పడానికి ఒక్క నిమిషం కూడా పట్టదు. నాలుక చివరిదాకా వచ్చింది.

“వెతకండి,” అన్నాను చెప్పులు వేసుకుంటూ.